సాక్షి డబ్బ

డ్రిల్లుకు ముహూర్తం పెట్టిన్రు. మంగళారం వద్దన్నరు, బుధారం పొద్దుగాల పది దాటినంక మంచిదన్నరు. సమాఖ్య ఆఫీసు ముంగట షామియానా ఏసిన్రు. సర్వర్ గది తలుపుకు బంతిపూల దండ కట్టిన్రు. రాజం జనరేటర్ షెడ్డు కాడ నిలవడి అన్నీ చూస్తుండు. మిషన్ ఉన్నట్టుండి చచ్చిపోతే ఏమైతదో చూసుకునేటందుకు డ్రిల్లు. దానికి దండేసి, ఇన్నింటికి చస్తదని చెప్పి, కుర్చీలేసుకొని ఎదురుచూసుడేంది అనుకున్నడు. నోట్ల ఉమ్మి ఊరింది. పక్కకు తిరిగి ఉమ్మిండు.

రాజంది కొండపాక. ఊరి బడిల ఏడో తరగతి దాంక సదివిండు. అటెన్క వైర్లు, మోటర్లు, స్టార్టర్లు పట్టుకొని బతికిండు. పదేండ్ల సంది పంటచేను రైతు సమాఖ్యల కరెంటు పని ఆయనదే. అడిగితే తప్ప మాట్లాడడు, అడిగినా ఒక్క మాటనే.

సిద్దిపేట చుట్టు నలభై ఊళ్లల్ల ఆ సమాఖ్య వడ్లు కొంటది. రైతు కుప్ప పోసినంక కంప్యూటర్ల పేరు ఎక్కాలె, టోకెన్ రావాలె. టోకెన్ లేకుంటే కాంటా కాదు, కాంటా కాకుంటే లారీ కదలదు. ఆ టోకెన్లు రాసే మిషన్ సిద్దిపేట ఆఫీసులనే ఉంటది. పోయిన యాసంగిల అది రెండు దినాలు మూలకు పడ్డది. రెండో దినం వాన కొట్టింది. రాజం వడ్లు గూడ అప్పుడు కొండపాక కేంద్రంల కుప్ప మీదనే ఉన్నయి. టార్పాలిన్ ఎత్తి చూస్తే లోపట తెల్లటి మొలకలు. చెయ్యి పెడితే పెనం తీరు వేడి, ఒక తీరు పుల్లటి కుళ్లు వాసన. ఆ వాసన ఇంకా ఆయన ముక్కుల నుంచి పోలేదు.

గందుకే ఈ ఏడు రెండో మిషన్ తెచ్చిన్రు. అది సిద్దిపేటల కాదు, బొంబాయి పక్కకున్న భివండిల. మగ్గాల పనికి ఇక్కడి మనుషులు తాతల కాలం నుంచి పోయే ఊరు గనుక, గది కిరాయికి దొరుకుడు కష్టం కాలేదు. "ఇక్కడ పడ్డ వాన అక్కడ పడొద్దు, ఇక్కడ తెగిన వైరు అక్కడ తెగొద్దు, గంత దూరం ఉండాలె" అని చెప్పింది కృతిక. హైదరాబాదుల ఇంజినీరింగు సదివి, సమాఖ్యల కాంట్రాక్టు మీద చేస్తున్న పిల్ల. ఒకటి పడితే రెండోది లేసుడును ఫెయిలోవర్ అంటరట. దాని ప్లాను మొత్తం ఆమెనే రాసింది.

పదీ పదికి చైర్మన్ ఓంప్రకాశ్ కొబ్బరికాయ కొట్టిండు. తెల్ల అంగీ, మెడల మూడు దండలు. కృతిక సిద్దిపేట మిషన్‌ను కంప్యూటర్ మీద బందు చేసింది. అందరు గోడకున్న టీవీ దిక్కు చూసిన్రు. ఎర్ర రంగు వచ్చింది. నిమిషంన్నరకు పచ్చ రంగు వచ్చింది, "భివండి" అని పేరు పడ్డది. చప్పట్లు కొట్టిన్రు. ఎవరో సెల్ల వీడియో తీసిన్రు. లడ్డూలు పంచిన్రు.

రాజం లడ్డూ తీసుకోలేదు. ఆయన చూపు చైర్మన్ గది కిటికీ మీద ఉన్నది. లోపట అద్దాల బీరువల, శాలువలు కప్పినప్పుడు ఇచ్చిన షీల్డుల నడుమ, టిఫిన్ డబ్బ అంత నల్ల డబ్బ ఒకటి నీలం లైటు కొడుతున్నది. చైర్మన్ గదిల ఏసీ నడుస్తున్నది. ఫ్యాను తిరుగుతున్నది. మొత్తం ఆఫీసుల ఒక్క బల్బు గూడ ఆరలేదు.

జనం పోయినంక కృతిక షెడ్డు దిక్కు వచ్చింది.

"ఏం కాకా, లడ్డూ తినలేదు?"

"మెయిన్ తియ్యలేదు గదా బిడ్డా."

ఆమె చైర్మన్ గది కిటికీ దిక్కు చూసింది.

"ఆ నల్ల డబ్బకు లైను నేనే గుంజిన," అన్నడు రాజం. "ఈ మెయిన్ కెల్లే. ఆఫీసు మొత్తం ఆరితే అది గూడ ఆరుతది. అప్పుడు భివండి లేస్తదా?"

"లేవదు," అన్నది కృతిక.

కుర్చీ లేదు, డీజిల్ డబ్బ మీదనే కూసున్నది. చెప్పుకుంట పోయింది. వెబ్ సర్వర్ అంటే కౌంటర్ల కూసున్న మనిషి అసొంటిది, ఇద్దరు కూసున్నా ముగ్గురు కూసున్నా పని నడుస్తది. డేటాబేస్ అట్ల కాదు, అది రాసే పుస్తకం. ఒక్క పుస్తకమే ఉండాలె. రెండు తావులల్ల రాస్తే ఒకటే టోకెన్ ఇద్దరికి పోతది, ఒకటే లారీ రెండు ఊళ్లకు పోతది. భివండి మిషన్‌కు సిద్దిపేట మిషన్ పలకలేదనుకో, అది చచ్చిందో, నడుమ వైరు తెగిందో దానికి ఎట్ల తెలుస్తది? గందుకు మూడో తావుల ఒక సాక్షి ఉండాలె, ఆ నల్ల డబ్బనే ఆ సాక్షి. భివండి పోయి సాక్షిని అడుగుతది. నాకు గూడ సిద్దిపేట పలుకుత లేదు అని సాక్షి అంటే, ముగ్గుర్ల ఇద్దరైరి, భివండి పుస్తకం తీసుకుంటది. సాక్షి గూడ పలకకుంటే భివండి ఒక్కతే. ఒక్కదాని మాట చెల్లదు. కదలకుంట కూసుంటది.

"అయితే సాక్షిని తీస్కపోయి వాది ఇంట్ల కూసోబెట్టిన్రు," అన్నడు రాజం.

కొండపాకల హద్దు పంచాది అయితే, ఇద్దరిండ్లల్ల నీళ్లు గూడ తాగని మనిషిని సాక్షిగ పిలుస్తరు. ఆ మనిషి సద్ది తనే కట్టుకొని వస్తడు, ఒడ్డు మీద కూసొని తింటడు. ఒక దిక్కు చాయ్ తాగిండని తెలిసినా లేపి ఇంటికి తోలుతరు. గొర్లు కాసేటోనికి గూడ తెలిసిన ముచ్చట. గింత ఆఫీసుల, గిన్ని కంప్యూటర్లల్ల ఒక్కనికి తట్టలేదు.

"ప్లాన్ల నేను ధూళిమిట్ట గోదాం అని రాసిన కాకా. గాడ సోలార్ ఉంది, ఇంటర్నెట్ వైరు జనగామ దిక్కు నుంచి వస్తది. మూడుసార్లు మెయిల్ పెట్టిన. లైటు మంచిగ కొడుతుంది, వచ్చినోళ్లకు చూపియ్యొచ్చు, ఇక్కడనే ఉండనియ్ అన్నడు చైర్మన్."

"మరి డ్రిల్లు గట్ల ఎందుకు చేసినవ్?"

"మెయిన్ తీస్తే ఏసీ బందైతదట. పెద్దమనుషులు వస్తున్నరు, ఉక్కపోస్తది అన్నడు."

ఆమె అది నవ్వుకుంట చెప్పింది గని కండ్లు నవ్వలేదు. రాజంకు ఆమె మీద గూడ అసహ్యం పుట్టింది. తెలిసి గూడ పచ్చ రంగు చూపెట్టింది. మళ్ల అనుకున్నడు, లైను గుంజింది నేనే గదా, నేనేమన్న అడిగిన్నా?

మర్నాడు చైర్మన్ గదిలకు పోయి నిలవడ్డడు. ఓంప్రకాశ్ నిన్నటి ఫోటోలు సెల్ల చూసుకుంటుండు.

"సార్, గా డబ్బ ధూళిమిట్ట పంపాలె."

"ఎవరు చెప్పిన్రు? ఆ పిల్లనా?"

"నేనే చెప్తున్న. ఇక్కడ కరెంటు పోతే అది గూడ పోతది. భివండి లేవదు. మెయిన్ ఒక్కసారి దించి చూపిస్త, మీరే చూడున్రి."

ఓంప్రకాశ్ సెల్ బల్ల మీద పెట్టిండు. గదిల ఉన్న ఇద్దరు డైరెక్టర్ల దిక్కు చూసిండు. "చూసిన్రా? మన రాజం ఇంజినీరైండు. రేపటి సంది జనరేటర్ల డీజిల్ ఆ పిల్ల పోస్తది, కంప్యూటర్లు ఈయన చూస్తడు."

వాళ్లు నవ్విన్రు. రాజం కదల్లేదు.

"ధూళిమిట్ట గోదాం ఎవని చేతుల ఉంది? రమాకాంత్ చేతుల. సమాఖ్య ఎలక్షన్ల నా మీద నిలవడ్డడు, మూడు ఓట్లతోని ఓడిండు. ఇప్పుడు నా సాక్షి పోయి వానింట్ల కూసుంటదా? వాడు రాత్రికి రాత్రే దాని వైరు పీకి, చైర్మన్‌కు చేతకాదని ఊరంత చెప్తడు. పో, పో. నీ పని నువ్వు చేస్కో."

బయటకు వచ్చినంక గూడ ఏసీ చల్లదనం, దాంట్ల కలిసిన అత్తరు వాసన రాజం అంగీకి పట్టుకునే ఉన్నది. కుళ్లిన వడ్ల వాసన నయమనిపించింది. నలభై ఊళ్ల వడ్లు ఒక దిక్కు, మూడు ఓట్లు ఒక దిక్కు. యాసంగి కోతలు మొదలైనయి. ఇంకో పది దినాలల్ల కుప్పలన్నీ కేంద్రాలకు వస్తయి. మబ్బులు గూడ వస్తయి.

మెయిన్ తనే దించి చూపిద్దామా అనుకున్నడు. దించితే ఏమైతది? వీన్ని తీసేయున్రి అంటడు. ఇంకొకన్ని పెట్టుకుంటడు. డబ్బ మాత్రం బీరువలనే ఉంటది.

ఓంప్రకాశ్ మాట వినేది ఒక్కని కాడనే అని ఆఫీసుల అందరికి తెలుసు. వాస్తు దుబ్బయ్య కాడ. దుబ్బయ్య ఒకప్పుడు గోడలు కట్టే మేస్త్రి. పరంజ మీదకెల్లి పడి కాలు ఇరిగినంక దిక్కులు చెప్పుడు మొదలు పెట్టిండు. ఆయన చెప్పిండని చైర్మన్ ఆఫీసు గేటు మూడుసార్లు మార్చిండు. ఒకసారి నడిమి గోడ గూడ కూలగొట్టిండు.

రాజం తన ఎరుకల ఎన్నడు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆ దినం తొక్కిండు. దుబ్బయ్య మంచం మీద కాలు చాపి తంబాకు నలుపుతుండు.

"ఓహో, రాజం! నువ్వు గూడ ఇల్లు కడుతున్నవా ఏంది?"

రాజం ఉన్నదున్నట్టు చెప్పిండు. డబ్బ ఏ మూలకున్నది, అది ఎక్కడికి పోవాలె, ఎందుకు పోవాలె. దుబ్బయ్య 'ఎందుకు' ఇన్లేదు. దిక్కుల కాడ మాత్రం చెవులు నిక్కబెట్టిండు.

"చైర్మన్ గది ఈశాన్యమే. ఈశాన్యంల నిప్పు ఉండొద్దు. గా డబ్బ వేడిగుంటదా?"

"ఉంటది."

"ధూళిమిట్ట మనకు ఏ దిక్కు?"

"ఆగ్నేయం."

దుబ్బయ్య తొడ మీద చరిచిండు. "అగ్గి మూల! నేను అల్లుకునే పనే లేదు, దేవుడే అల్లి పెట్టిండు." తంబాకు పెదవి కింద పెట్టుకున్నడు. "మా బోరు స్టార్టర్ నెల సంది కొట్టుకుంటలేదు రాజం."

రాజం దొడ్డి దిక్కు పోయి స్టార్టర్ విప్పిండు. కాంటాక్టులు కాలినయి. గీకి, కొత్త కాయిల్ ఏసి, నీళ్లు పోసే దాంక కూసున్నడు. ముప్పై ఏండ్ల సంది ఆ చేతులతోని ఎన్ని స్టార్టర్లు చేసిండో, ఏ ఒక్కటి ఇట్ల చెయ్యలేదు. వచ్చేముందల ఇంకో మాట గూడ తనే చెప్పిండు. "మీ సెల్ల దిక్సూచి ఉంటది గదా, దాన్ని బీరువ కిందున్న యూపీఎస్ కాడ పెట్టున్రి. ముల్లు తిరుగుతది."

"ఎందుకు తిరుగుతది?"

"దాంట్ల అయస్కాంతం ఉంటది."

"గది చెప్పకు," అన్నడు దుబ్బయ్య. "తిరుగుతదని చెప్పు, చాలు."

శుక్రారం దుబ్బయ్య ఆఫీసుకు వచ్చిండు. గది గదికి తిరిగిండు, గోడలు వాసన చూసిండు. బీరువ కాడ సెల్ పెట్టంగనే ముల్లు గిరగిర తిరిగింది. ఓంప్రకాశ్ మొకం తెల్లబడ్డది. రాజం అప్పుడు తలుపు కాడ స్విచ్ మారుస్తుండు. కావాల్నని ఆ పని పెట్టుకోలేదు, చూడాలని మాత్రం అనిపించింది. చూసినంక, చూడకుండ ఉంటే బాగుండు అనిపించింది.

"చైర్మన్ సాబ్, మీ నెత్తి మీద అగ్గి పెట్టుకొని కూసున్నరు," అన్నడు దుబ్బయ్య. "ఇది అగ్గి మూలకు పోవాలె. ఆగ్నేయంల మీ జాగ ఏమన్న ఉన్నదా?"

ఓంప్రకాశ్ వేళ్ల మీద లెక్క పెట్టుకున్నడు. "ధూళిమిట్ట ఒక్కటే."

"ఇగ ఆలస్యం చెయ్యకున్రి."

"అక్కడ రమాకాంత్ ఉన్నడు..."

"మనిషిని చూస్తరా, దిక్కును చూస్తరా?"

మర్నాడు పొద్దుగాల నల్ల డబ్బను పసుపు గుడ్డల చుట్టి, ముంగట కొబ్బరికాయ కొట్టి, సమాఖ్య జీపుల ధూళిమిట్ట పంపిన్రు. ఎన్నడు ఫోన్ చెయ్యని ఓంప్రకాశ్ తనే రమాకాంత్‌కు ఫోన్ చేసి, తమ్మీ తమ్మీ అనుకుంట పావుగంట మాట్లాడిండు. కృతిక డబ్బను గోదాంల పెట్టి, సోలార్ కు కలిపి, మధ్యాహ్నం కల్లా తిరిగి వచ్చింది. రాజం దిక్కు చూసి ఏదో అడగబోయింది. ఆయన డీజిల్ గేజి దిక్కు తిరిగిండు.

ఏప్రిల్ ఆఖరి వారం ఒక దినం పగలు మూడు గంటలకు గాలి లేసింది. పెద్ద పెద్ద వడగండ్లు. ఆఫీసు ఎదురుంగ ఉన్న హోర్డింగ్ ఇరిగి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడ్డది. రాజం జనరేటర్ దిక్కు ఉరికిండు. షెడ్డు రేకు లేసిపోయి అప్పటికే ఇంజను మీద నీళ్లు కారుతున్నయి. రెండుసార్లు కొట్టిండు, దగ్గి ఆగిపోయింది. ఇంటర్నెట్ వైరు స్తంభంతోని సహా రోడ్డు మీద పండుకున్నది. యూపీఎస్ పది నిమిషాలు కూత పెట్టి చల్లబడ్డది. సర్వర్ గదిల లైట్లన్నీ ఆరినయి. ఎవ్వరు దండ ఎయ్యలేదు, ఎవ్వరు ముహూర్తం చెప్పలేదు.

తడిసిన అంగీతోనే గోడకు ఆనుకొని బుచ్చవ్వకు ఫోన్ కొట్టిండు. బుచ్చవ్వ ఆయన అక్క. కొండపాక కేంద్రం నడిపే ఆడోళ్ల సంఘానికి పెద్ద.

"అక్కా, టోకెన్ వస్తుందా?"

"జర సేపు ఆగింది. మళ్ల వస్తుంది. ఎందుకు తమ్మీ?"

"వాన ఇటుకెల్లి అటు వస్తుంది. ఉన్న లారీలల్ల ఉన్నయి ఎక్కియ్యి. ఆగకు."

కొండపాకల వాన ఐదు దాటినంక మొదలైంది. అప్పటికి ఐదు లారీలు నిండి కదిలినయి, మిగిలిన కుప్పల మీద టార్పాలిన్లు పడ్డయి. నలభై కేంద్రాలల్ల మూడింట్లనే వడ్లు తడిసినయి, అవి గూడ వడగండ్లు ముందుగాల పడ్డ ఊళ్లు. ఆ మూడు దినాలు సిద్దిపేట మిషన్ పండుకునే ఉన్నది. టోకెన్లన్నీ భివండినే రాసింది.

ఆ ఒక్క రాత్రి రాజం కడుపు నిండ బువ్వ తిన్నడు.

వారం తిరగకముందే సమాఖ్య మీటింగ్ పెట్టిన్రు. మళ్ల షామియానా, మళ్ల బంతిపూలు. నలభై కేంద్రాల నుంచి మనుషులు వచ్చిన్రు. ఓంప్రకాశ్ మైకు పట్టుకొని, గిన్ని వడ్లు దక్కినయంటే దానికి కారణం ఒక్క మనిషి అన్నడు. ఎనుక వరుసల కూసున్న కృతిక తల ఎత్తింది. ఓంప్రకాశ్ దుబ్బయ్యను స్టేజి మీదికి పిలిచిండు. శాలువ కప్పిండు. వంగి కాళ్లకు మొక్కిండు. జనం చప్పట్లు కొట్టిన్రు.

"ఇగ నుంచి సమాఖ్య మిషన్లన్నీ గురువు గారు చెప్పినట్టే," అన్నడు ఓంప్రకాశ్. "భివండి మనకు వాయువ్యం. అది గాలి మూల, నిలకడ లేని మూల. బరువు నైరుతిల ఉండాలెనట. నైరుతిల మనకు కుకునూరుపల్లి ఉన్నది. మా బావ రైసు మిల్లుల గది ఖాళీగుంది. రెండో మిషన్‌ను అక్కడికి తెస్తున్నం."

రాజం ఎనుకల నిలవడ్డడు. కుకునూరుపల్లికి, సిద్దిపేటకు కరెంటు లైను ఒక్కటే. వైరు ఒక్కటే, రోడ్డు పక్కకెల్లి పోతది. అదే మబ్బు రెండింటి మీద కురుస్తది. మిషన్ల కోసం గింత చేసింది మళ్ల ఒక కుప్పల పోయనీకా?

బుచ్చవ్వ లేసింది. "చైర్మన్ సాబ్, ఒక్క మాట. మా కొండపాకల వాన కొడితే కుకునూరుపల్లిల ఎండ కాస్తదా? మధ్యల ఎంత దూరముంది, సైకిల్ మీద పోతం."

కొందరు నవ్విన్రు. "అవ్వా, నీకు వడ్లు ఆరబోసుడు తెలుసు, దిక్కులు తెలుసా?" అన్నడు ముంగట కూసున్న డైరెక్టర్.

"వాన ఎటుకెల్లి వస్తదో తెలుసు నాయినా."

ఆ మాటకు రాజంకు ఆగబుద్ధి కాలేదు. మనుషుల నడుమల నుంచి ముంగటికి నడిచిండు. మైకు తీసుకోలేదు, దుబ్బయ్య దిక్కు వేలు చూపెట్టిండు.

"ఆ దిక్కు ఈయినకు నేను చెప్పిన. డబ్బ ధూళిమిట్ట పోవాలెనని నేనే చెప్పిచ్చిన. అయస్కాంతానికి ముల్లు తిరిగింది. నేను చెప్పినట్టే ఈయిన ఆడిండు. దానికి బదులు ఈయిన బోరు స్టార్టర్ చేసి పెట్టిన. వడ్లు కాపాడింది కృతిక రాసిన ప్లాను. భివండిని తియ్యకున్రి."

పదేండ్లల్ల ఆయన అన్ని మాటలు ఒక్కసారే మాట్లాడుడు ఎవ్వరు ఇనలేదు. దుబ్బయ్య తంబాకు మింగిండేమో, దగ్గిండు.

ఓంప్రకాశ్ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నిజంగనే తిరిగినయి, అదే రాజంకు అన్నిటికన్న రోత. దిగి వచ్చి రాజం రెండు చేతులు పట్టుకున్నడు. "చూసిన్రా? దేవుడు ఎవ్వరి నోట పలికిస్తడో తెల్వది. డీజిల్ పోసేటోని నోట పలికిచ్చిండు! దిక్కు తెల్వని మనిషి పోయి పోయి గురువు గారి ఇంటికే ఎందుకు పోయిండు? ఎవరు తోలిన్రు?"

చప్పట్లు ఇంకా గట్టిగ పడ్డయి. శాలువ ఇంకొకటి మిగిలిందట, రాజం భుజాల మీద కప్పిన్రు. మంచి ముహూర్తం చూసి మిషన్ మార్చాలెనని తీర్మానం పెట్టిన్రు. బుచ్చవ్వ, ఇంకో పదిమంది తప్ప అందరు చేతులు ఎత్తిన్రు.

రాజం ఆ శాలువను షెడ్డుల తీసి ఇంజను మీద పడేసిండు. అంతల్నే కృతిక వచ్చింది.

"కాకా."

"చెప్పు."

"నేను కాగితం మీద ఎంత రాసినా చైర్మన్ ఇనడు. ఇంకొక్కసారి దుబ్బయ్య కాడికి పోతవా?"

రాజం ఆమె దిక్కు చూసిండు. ఆమె నేలకు చూస్తున్నది. గింత సదివిన పిల్ల గింత మాట అడగాల్సి వచ్చినందుకు ఆమెకు ఎంత సిగ్గయిందో ఆయనకు తెలిసింది. తెలిసినా జాలి రాలేదు. కాదు పొమ్మనాలనిపించింది. కాదంటే వచ్చే వానకు రెండు మిషన్లు ఒక్కసారే పండుకుంటయి, టార్పాలిన్ కింద మళ్ల మొలకలు.

దుబ్బయ్య ఇంటికి పోయినప్పుడు ఆయన నవ్వుకుంట లేసి కూసున్నడు. "వచ్చినవా? అందరి ముంగట నన్ను బదనాం చేస్తివి, అయినా పేరు పెరిగింది పో."

"కుకునూరుపల్లి నీకు ఎవరు చెప్పిన్రు?"

"చైర్మన్ చెప్పిండు. ఆయన బావ మిల్లుల గది ఖాళీగుంటే దిక్కు కుదురుతదా అని అడిగిండు. కుదిరిచ్చిన. నువ్వు చెప్పమన్నది చెప్తే తప్పు లేదా, ఆయన చెప్పమన్నది చెప్తే తప్పా?"

అబద్ధానికి తోవ ఏసింది తనే.

"భివండి కదలొద్దు," అన్నడు రాజం.

దుబ్బయ్య మిద్దె దిక్కు చూపెట్టిండు. "పైన రెండు అర్రలు ఏసిన. వైరింగు కాలేదు."

మూడు దినాలు రాజం సెలవు పెట్టి పైపులు ఏసిండు, వైరు గుంజిండు, బోర్డులు బిగించిండు. దుబ్బయ్య మంచం మిద్దె మీదికి ఏయించుకొని, బోర్డు ఇటు జరుపు, అటు జరుపు అనుకుంట కూసున్నడు. తంబాకు ఉమ్మి కిటికీలకెల్లి ఉమ్ముతుండు, సగం గోడ మీదనే పడుతున్నది.

మూడో దినం పదకొండు గంటలకు చైర్మన్ కారు వచ్చి ఆగింది. మిషన్ కదిలించేటందుకు ముహూర్తం అడగ వచ్చిండు. మెట్లెక్కి వచ్చి, స్టూలు మీద నిలవడి ఫ్యాను బిగిస్తున్న రాజంను చూసి ఆగిండు. మొకం వికసించింది.

"గురువు సేవ చేస్తున్నవా రాజం? మంచిది. తప్పు ఒప్పుకున్నోడు మనిషి అయితడు."

రాజం స్క్రూ డ్రైవర్ పండ్ల కింద పట్టుకున్నడు, మాట్లాడొద్దని.

ఓంప్రకాశ్ మంచం ముంగట కింద కూసున్నడు. "గురువు గారు, భివండి మిషన్ ఎప్పుడు కదిలిద్దాం?"

దుబ్బయ్య కండ్లు మూసుకున్నడు. ఒక్క కన్ను జర తెరిచి రాజం చేతుల దిక్కు చూసిండు. మళ్ల మూసిండు. "ఆగు. గాలి తిరగనీ. తిరిగినంక చెప్త."

ఓంప్రకాశ్ చేతులు జోడిచ్చిండు. రాజం ఆఖరి స్క్రూ బిగించిండు, స్టూలు దిగిండు, బోర్డు కాడికి పోయి స్విచ్ ఏసిండు. ఫ్యాను జర ఊగి, తిరుగుడు మొదలు పెట్టింది. దుబ్బయ్య నెత్తి మీద నాలుగు తెల్ల ఎంట్రుకలు లేసినయి.

"భివండి కదలొద్దు," అన్నడు దుబ్బయ్య, కండ్లు మూసుకునే. "గాలి మూలల ఉన్నది గాలినే ఆపుతది. నడుమ నాకు మబ్బు కమ్మి తప్పు దిక్కు కనబడ్డది. ముట్టకు."

"మా బావకు మాటిచ్చిన..."

"ముడితే నెత్తి మీదికొస్తది."

"వద్దు వద్దు, ముట్టం," అన్నడు ఓంప్రకాశ్, గుండె మీద చెయ్యి పెట్టుకొని. వంగి దుబ్బయ్య పాదాలు ముట్టిండు. లేసి రాజం దిక్కు తిరిగిండు. "నువ్వు గూడ మొక్కు రాజం. ఊళ్లన్నిటి వడ్లు ఆయన చల్లని చూపుల ఉన్నయి."

రాజం నిలవడ్డడు. ఓంప్రకాశ్ ఎదురు చూస్తుండు. దుబ్బయ్య కండ్లు తెరిచి, పెదవి కింది తంబాకు నాలుకతోని సర్దుకుంట ఆయన దిక్కే చూస్తుండు.

మంచం అంచుకు రెండు పాదాలు వేలాడుతున్నయి. మడమలు పగిలినయి, పగుళ్లల్ల పాత సున్నం, గోర్ల కింద మట్టి. రాజం స్క్రూ డ్రైవర్ జేబుల పెట్టుకున్నడు. వంగిండు.